వడదెబ్బా, పొగదెబ్బా?

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం దాటింది. నంద్యాల జిల్లా రుద్రవరం పక్క కొండకు అగ్గి పడి రెండు రోజులైంది అనుకోండి. పొద్దుననగా పచ్చికొమ్మలు పట్టుకుని మంట ఆర్పడానికి పోయిన ఆరుగురిలో ఇద్దరు కిందికి దిగి, చింతచెట్టు నీడలో కూలబడ్డారు. "తలకాయ పగిలిపోతాందన్నా" అంటాడు ఒకడు. రెండోవాడు పక్కకు పోయి వాంతి చేసుకుంటున్నాడు. మీరు అక్కడే ఉన్నారు. మీ నోట మొదట వచ్చే మాట ఏమిటి?

"ఎండకు కొట్టిందిరా. మజ్జిగ తాపండి."

మిమ్మల్ని తప్పుపట్టను. నంద్యాల ఎండ తెలిసినవాళ్లెవరైనా అదే అంటారు. వేసవిలో 44, 45 డిగ్రీలు మనకు వింత కాదు. తలనొప్పి, వాంతి, నీరసం, కళ్లు తిరగడం కనిపిస్తే వడదెబ్బ అనుకోవడం చిన్నప్పటి నుంచి మనకు అలవాటు. చిక్కంతా అక్కడే ఉంది. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఒంట్లోకి ఎక్కినప్పుడు కూడా మొదట కనిపించేవి ఈ నాలుగే. ఎండకు సొమ్మసిల్లినవాడిని నీడ, మజ్జిగ లేపుతాయి. ఈ విషం పట్టినవాడిని లేపవు. వాడికి కావలసిన మందు ఆక్సిజన్ ఒక్కటే. అందుకే దీన్ని నేను పొగదెబ్బ అంటాను. పేరు వేరుగా ఉంటే అనుమానం తొందరగా వస్తుందని నా ఆశ.

ఈ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. కళ్లు మండించేవి, దగ్గు తెప్పించేవి పొగలోని వేరే సరుకులు. ఇది వాటి వెనకే చప్పుడు లేకుండా వస్తుంది. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకోవడంలో ఆక్సిజన్ కంటే ఇది 200 రెట్లకు పైగా గట్టిది. ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంటుంది, ఒక పట్టాన లేవదు. అగ్నిప్రమాదం అనగానే మనకు కాలిన గాయాలే గుర్తొస్తాయి. కానీ 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో చనిపోయిన ఆరుగురు యువతీయువకుల ప్రాణం తీసింది పొగ.

ఇక సిద్ధాంతం చాలు. మీ ముందు ఇద్దరు మనుషులు కూలబడి ఉన్నారు. ఏం చేస్తారు?

ముందు మూడు ప్రశ్నలు

ఎక్కడి నుంచి వచ్చాడు, ఎంతసేపు ఉన్నాడు? ఇది మొదటి ప్రశ్న. భగభగ మండే మంట కంటే, నివురు కింద కణకణలాడుతూ పొగ కక్కే మోడులు, దుంగలు, తడి ఆకుల కుప్పలు ఈ వాయువును ఎక్కువగా పుట్టిస్తాయి. చూడటానికి మంట ఆరినట్టే ఉంటుంది. మనిషి కూడా "ఇంక ఏముందిలే" అని అక్కడే కూర్చుని చెమట తుడుచుకుంటాడు. గాలి కదలని లోయలో, తెల్లవారుజామున, పొగ నేలకు అంటుకుని ఉన్న వేళ ఇంకా ప్రమాదం.

ఒక్కడికేనా, ఇంకెవరికైనా ఉందా? ఒకే చోట పనిచేసిన ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తల నొస్తే, అది కాకతాళీయం అనుకోకండి.

ఒళ్లు కాలుతోందా? చెయ్యి పెట్టి చూడండి. అసలైన వడదెబ్బలో ఒళ్లు పొయ్యిలా ఉంటుంది. ఒళ్లు మామూలుగానే ఉండి మనిషి మాత్రం మత్తుగా, తిక్కతిక్కగా మాట్లాడుతున్నాడంటే పొగదెబ్బ అనుమానం బలపడుతుంది. ఒళ్లు వేడిగా ఉంది కాబట్టి పొగదెబ్బ కాదు అని మాత్రం తేల్చేయకండి. మన ఎండల్లో రెండూ కలిసి రావచ్చు. అప్పుడు రెండింటికీ చూడాలి: ఒంటి మీద నీళ్లు, ముక్కు మీద ఆక్సిజన్.

బుగ్గలు, పెదాలు ఎర్రగా మారతాయని కొందరు చదివి ఉంటారు. దాని కోసం ఎదురుచూడకండి. అది అరుదుగా, చాలా ఆలస్యంగా కనిపించే గుర్తు. మన ఒంటి రంగులో అసలే ఆనదు.

ఇప్పుడు చేయాల్సినవి

1. పొగలోంచి బయటికి తీసుకురండి. గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, అటు పక్కకు నడవండి. మంట కింద ఉంటే కొండ పైకి ఎక్కకండి. అగ్గి ఏటవాలు మీద పైకి మనిషి కంటే వేగంగా పరుగెత్తుతుంది. 2018 మార్చిలో తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో అడవి మంటకు చిక్కి 20 మందికి పైగా చనిపోయిన ఘోరం గుర్తుంచుకోండి. పక్కకు, కాలిపోయి చల్లారిన నేల మీదికి, బండల మీదికి, వాగు ఇసుకలోకి రండి. లోపల పడిపోయిన మనిషి కోసం ఒక్కరే దూరకండి. దూరినవాడు కూడా పడిపోతే మోయాల్సిన వాళ్లు ఇద్దరవుతారు.

2. నడిపించకండి. మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. "మెల్లగా నడుద్దాం రా, రోడ్డు ఇంతే దూరం" అంటారు. నడిస్తే కండరాలు ఆక్సిజన్ అడుగుతాయి. రక్తంలో ఉన్నదే కొంచెం. అది కాళ్లకు పోతే గుండెకు, మెదడుకు ఏం మిగులుతుంది? మోయండి. అహోబిలంలో పావన నరసింహస్వామి దారిలో, జ్వాలా నరసింహస్వామి దారిలో భక్తులను మోసే డోలీలు ఉండనే ఉన్నాయి. అవి లేనిచోట రెండు కర్రలు, ఒక దుప్పటి చాలు. బండి నడిపే పని అతనికి అసలు ఇవ్వొద్దు. "నాకేం కాలేదులే, నేనే తోల్తా" అని మోటార్‌సైకిల్ ఎక్కినవాడు మలుపులో పడిపోతాడు.

3. 108కి ఫోన్ చేసి ఈ మాటే చెప్పండి: "అడవి మంట పొగ పీల్చారు, ఇద్దరు, ఆక్సిజన్ కావాలి." ఊరికే "కళ్లు తిరిగి పడిపోయాడు" అంటే అవతలివాళ్లు కూడా వడదెబ్బే అనుకుంటారు. నల్లమల అడవి లోపల సిగ్నల్ దొరకని చోట్లే ఎక్కువ. కొండ ఎక్కే ముందే, చివరిగా సిగ్నల్ ఎక్కడ వస్తుందో చూసి పెట్టుకోండి. అవసరం వచ్చినప్పుడు ఒకరిని అక్కడికి పంపండి, మిగిలినవాళ్లు రోగి దగ్గర ఉండండి.

4. స్పృహ తప్పితే పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, మజ్జిగ ఏదీ పోయకండి. శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతూ ఉండండి, సాయం వచ్చేదాకా ఆపకండి.

5. ఆక్సిజన్ ఎంత త్వరగా, ఎంత గట్టిగా ఇస్తే అంత మంచిది. ఇందులో మిగతాదంతా మరిచిపోయినా ఇది మరవకండి. ముక్కు కింద రెండు గొట్టాలు పెట్టి నిమిషానికి రెండు లీటర్లు ఇస్తే సరిపోదు. సంచి ఉన్న మాస్కు కావాలి. ముఖానికి బిగుతుగా పెట్టి, నిమిషానికి 10 నుంచి 15 లీటర్లు వదలాలి. సంచి ఎప్పుడూ ఉబ్బి ఉండాలి. మీరు అడగడానికి మొహమాటపడకండి: "సార్, సంచి ఉన్న మాస్కు ఉందా?"

2021లో కోవిడ్ రెండో వేవ్ అప్పుడు చాలా ఊళ్లకు ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు వచ్చాయి. అలాంటిది ఇంకా పనిచేస్తుంటే, ఏమీ లేనిదాని కంటే నయం, పెట్టండి. కానీ అది సిలిండర్‌కు సాటి రాదు. దాన్ని పెట్టుకుని "ఆక్సిజన్ ఎక్కుతోంది కదా" అని ఇంట్లోనే ఉండిపోవద్దు.

సిలిండర్ లెక్క

ఇక్కడ కొంచెం ఆగి ఒక లెక్క వేద్దాం. ఇది కొండ కింది ప్రతి పంచాయతీకి, ప్రతి అటవీ సెక్షన్‌కు తెలిసి ఉండాలి. మనం మోసుకుపోగలిగే బి టైపు సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 1,500 లీటర్లు. నిమిషానికి 15 లీటర్లు వాడితే 100 నిమిషాలు వస్తుంది. దిగువ అహోబిలం నుంచి ఆళ్లగడ్డకు పాతిక కిలోమీటర్ల పైచిలుకు, ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు 40 పైన. అంతా కలిపి గంటన్నర ప్రయాణం అనుకుంటే, ఒక్క మనిషికి ఒక్క సిలిండర్ అంచు మీద సరిపోతుంది. ఇద్దరు ఉంటే? సగం ఖాళీ అయిన సిలిండర్ అయితే? అందుకే ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలో ఆగి, అక్కడే ఆక్సిజన్ మీద ఉంచి, ఆ తర్వాత నంద్యాలకు పంపడం చాలాసార్లు తెలివైన పని. "నేరుగా పెద్దాసుపత్రికే పోదాం పదండి" అనే తొందరలో దారి మధ్య సిలిండర్ అయిపోతే, ఆ తొందరే కీడు చేస్తుంది.

6. వేలికి పెట్టే మిషన్ 98 చూపించినా నమ్మకండి. కోవిడ్ తర్వాత పల్స్ ఆక్సీమీటర్ చాలా ఇళ్లకు వచ్చింది, మన నమ్మకమూ దాని మీద పెరిగింది. కానీ మామూలు మిషన్‌కు ఆక్సిజన్ ఎక్కిన రక్తానికీ, కార్బన్ మోనాక్సైడ్ ఎక్కిన రక్తానికీ తేడా తెలియదు. విషం నిండిన మనిషికి కూడా 98, 99 చూపిస్తుంది. "ఆక్సిజన్ బాగుందమ్మా, ఇంటికి పోండి" అని ఎవరైనా ఆ ఒక్క అంకె చూసి అంటే, మీరు మర్యాదగా, గట్టిగా ఒక మాట చెప్పాలి: "సార్, వీడు అడవి పొగలో ఆరు గంటలు ఉన్నాడు."

7. గడియారం చూసి రాయండి. పొగలోంచి ఎన్ని గంటలకు వచ్చాడు? మాస్కు ఎన్ని గంటలకు పెట్టారు? చేతి మీద పెన్నుతో రాసినా సరే. ఎందుకో చెబుతాను. మామూలు గాలి పీలుస్తూ ఉంటే ఎక్కిన విషంలో సగం దిగడానికి దాదాపు 5 గంటలు పడుతుంది. సంచి మాస్కుతో నిండు ఆక్సిజన్ ఇస్తే గంటా పావులో సగం దిగుతుంది. కొండ మీద ఒకరి రక్తంలో అది 24 శాతం ఉందనుకుందాం. ఆక్సిజన్‌తో గంటా పావు ప్రయాణం చేసి నంద్యాల చేరి రక్తపరీక్ష చేస్తే 12 శాతం వస్తుంది. డాక్టరుగారికి మీరు రాసిన సమయం తెలిస్తే, "మొదట ఇది రెండింతలు ఉండి ఉంటుంది" అని ఆయన లెక్క కడతారు. తెలియకపోతే 12 మీదే నిర్ణయం జరిగిపోతుంది. ఆ చిన్న కాగితం ముక్క రోగి తరఫున మాట్లాడుతుంది.

ఆసుపత్రిలో ఏం అడగాలి?

రక్తంలో కార్బాక్సీ హిమోగ్లోబిన్ పరీక్ష ఉందా అని అడగండి. పొగ తాగనివారిలో అది సాధారణంగా 2, 3 శాతం లోపే. బీడీ, సిగరెట్ తాగేవారిలో 10 దాకా ఉండొచ్చు, కాబట్టి ఆ అలవాటు దాచకండి. ఈ పరీక్ష చేసే మిషన్ అన్నిచోట్లా ఉండదు. లేకపోయినా కంగారు పడకండి. ఫలితం వచ్చేదాకా ఆక్సిజన్ ఆపాల్సిన పని లేదు. ముందు చికిత్స, తర్వాత అంకె. ఛాతీ నొప్పి లేకపోయినా ఈసీజీ తీయమనండి. ఈ విషం గుండెను చప్పుడు లేకుండా దెబ్బతీస్తుంది.

మాస్కు ఎంతసేపు? తలనొప్పి తగ్గగానే చాలామంది తామే పీకేస్తారు. "ఇప్పుడు బాగుందన్నా, ఇంటికి పోదాం, గొడ్లు ఉన్నాయి." వద్దు. లక్షణాలన్నీ పోయి, పరీక్ష చేయగలిగితే అంకె మామూలుకు వచ్చేదాకా, డాక్టరు తీయమనేదాకా ఉంచాలి. గంటల పని ఇది. స్పృహ తప్పినవాళ్లు, గుండె దెబ్బతిన్న గుర్తులున్నవాళ్లు, గర్భిణుల విషయంలో డాక్టర్లు హైపర్‌బారిక్ గది గురించి ఆలోచించవచ్చు. ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే ఆ గదులు పెద్ద నగరాల్లో కొన్ని ఆసుపత్రుల్లోనే ఉంటాయి. దానికి పంపాలా వద్దా అనేది డాక్టరు తేల్చాల్సింది. మీరు చూసుకోవాల్సింది దారిపొడవునా మాస్కు ముఖం మీదే ఉందా లేదా అని.

ముక్కు రంధ్రాల్లో మసి, గొంతు బొంగురు, నోటి చుట్టూ కాలిన మచ్చలు కనిపిస్తే అది వేరే అత్యవసరం. గొంతు లోపల వాచి శ్వాస మూసుకుపోవచ్చు. అప్పుడు ఒక్క నిమిషం కూడా చెట్టు కింద కూర్చోబెట్టకండి.

8. గర్భిణి ఉంటే ఆమెనే ముందు బండి ఎక్కించండి. ఆమెకు కొంచెం తలనొప్పే ఉండొచ్చు. కానీ కడుపులోని బిడ్డ రక్తం ఈ వాయువును ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఇంకా ఆలస్యంగా వదులుతుంది. తల్లి బాగైనట్టు కనిపించాక కూడా చాలాసేపు ఆక్సిజన్ ఇవ్వాలి. ఇప్పపువ్వు ఏరడానికి పోయిన చెంచు అమ్మాయి అయినా, అహోబిలం బ్రహ్మోత్సవాలకు వచ్చిన ఆడపడుచు అయినా, "కడుపుతో ఉందా" అన్న ప్రశ్న సిగ్గుపడకుండా అడగండి. గుండెజబ్బు ఉన్నవారు, రక్తహీనత ఉన్నవారు, ముసలివారు, పిల్లలు ఆమె తర్వాతి వరుస.

మంచి మనసుతో చేసే పొరపాట్లు

తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుంటే చాలు అనుకోవడం. తువ్వాలు నుసిని కొంత ఆపుతుంది. ఎన్-95 మాస్కు ఇంకా బాగా ఆపుతుంది. ఈ వాయువును రెండూ ఆపలేవు. ముఖానికి గుడ్డ ఉందన్న ధైర్యంతో ఇంకో రెండు గంటలు పొగలో నిలబడటమే దానివల్ల వచ్చే నష్టం. ఆర్పే పనిలో ఉన్నవాళ్లు వంతులు వేసుకోవాలి. ఒక జట్టు పొగలో ఉంటే ఇంకో జట్టు గాలికి ఎదురుగా, శుభ్రమైన చోట కూర్చోవాలి. ఆ విరామంలో బీడీ వెలిగిస్తే విరామం ఎందుకు? బీడీ పొగలోనూ ఇదే వాయువు ఉంది.

ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కించి పడుకోబెట్టడం. ఇది మన ప్రాంతంలో ఎంత మామూలో మీకు తెలుసు. ఆయన మీద కోపం వద్దు, అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. కానీ సెలైన్ ఈ విషాన్ని రక్తంలోంచి బయటికి తోయదు. ఆయనకే చెప్పండి: "ఇది పొగదెబ్బ అనుమానం, ఆక్సిజన్ ఎక్కడుంది?" ఆయన ఫోన్ చేస్తే అంబులెన్సు ఇంకా త్వరగా రావచ్చు.

జేబులో ఉల్లిపాయ, నుదుటికి అమృతాంజనం. వీటివల్ల హాని లేదు. పోయేది సమయం.

అందరికీ ఒకే భయం అక్కర్లేదు

శివరాత్రికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం నడిచేవాళ్లకు, ఉగాదికి అదే దారిలో వచ్చే కన్నడ భక్తులకు, మంట దగ్గరగా ఉంటే ఈ ప్రమాదం నిజమైనది. నంద్యాలలో మేడ మీద నిలబడి దూరాన కొండ మీద పొగ చూసేవారికి ఇది పెద్ద భయం కాదు. దూరం పోయేకొద్దీ ఈ వాయువు గాలిలో పలచబడిపోతుంది. ఊరిదాకా వచ్చేది సన్నటి నుసి. ఉబ్బసం ఉన్నవారికి, గుండెజబ్బు వారికి అది చెడ్డది. వాళ్లు తలుపులు వేసుకుని, బయటికి వస్తే ఎన్-95 పెట్టుకోవాలి. 2023 జూన్‌లో కెనడా అడవుల పొగ న్యూయార్క్, న్యూజెర్సీల మీద కమ్మి ఆకాశం నారింజ రంగుకు మారినప్పుడు, అక్కడి మన పిల్లలు ఎదుర్కొన్నది కూడా ప్రధానంగా నుసినే.

అయితే ఊళ్లో ఇంటి లోపల ఇదే వాయువు పుట్టే చోట్లు ఉన్నాయి. తలుపులు మూసిన గదిలో బాలింతకు పెట్టే బొగ్గుల కుంపటి. కరెంటు పోయినప్పుడు వరండాలో, కిటికీ పక్కనే నడిపే జనరేటర్. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజర్. పొగకు భయపడి తలుపులన్నీ బిగించిన రోజే లోపల కుంపటి పెడితే ఏమవుతుందో ఆలోచించండి. చేల మీద పత్తికట్టె, వరికొయ్యలు కాల్చే రైతన్నా, కుప్పకు గాలివాలులో నిలబడి కట్టె ఎగదోయడం నీకూ మంచిది కాదు.

9. ఇంటికి వచ్చాక ఒక మండలం రోజులు కనిపెట్టుకుని ఉండండి. చాలామందికి ఎవరూ చెప్పని సంగతి ఇది. పూర్తిగా కోలుకుని ఇంటికి వచ్చినవారిలో కొందరికి, కొన్ని రోజుల తర్వాత మొదలుకుని 40 రోజుల లోపు, మెదడు మీద ప్రభావం మళ్లీ కనిపించవచ్చు. మరుపు, చిరాకు, నడకలో తూలు, మాటలో తడబాటు, ఉన్నట్టుండి ఏడుపు. అప్పటికి పొగ సంగతి అందరూ మరిచిపోయి ఉంటారు. "ఏందో ఈ మధ్య తిక్కగా చేస్తాండాడు" అని వదిలేస్తారు.

కాబట్టి ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే గోడమీద క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టి, 40 రోజులు లెక్కపెట్టి ఇంకో సున్నా చుట్టండి. రెండు సున్నాల మధ్య గమనించే పని ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి, భార్యకైనా అమ్మకైనా. ఏం గమనించాలో కూడా చెప్పండి: పాలలెక్క తప్పుతున్నాడా, తెలిసిన మనిషి పేరు తడుముకుంటున్నాడా, గుండీలు పెట్టుకోవడానికి చేతులు తిరగడం లేదా, ఒకే మాట రెండుసార్లు అడుగుతున్నాడా. ఒక్కటి కనిపించినా ఆసుపత్రి కాగితాలు తీసుకుని, గడియారం చూసి మీరు రాసిన ఆ చీటీ కూడా జతచేసి, నంద్యాల సర్వజన ఆసుపత్రికో కర్నూలు సర్వజన ఆసుపత్రికో తీసుకుపోండి. డాక్టరు గదిలోకి అడుగుపెట్టగానే మొదటి మాటగా పొగ సంగతి చెప్పండి.